డాక్టరు గారు మైకు పట్టుకుంటే



నంద్యాలలో సాయంత్రం ఆరు గంటలప్పుడు ఏ క్లినిక్కు దగ్గరికైనా వెళ్లి చూడండి. సంజీవనగర్ గేటు దగ్గరైనా సరే, పద్మావతి నగర్‌లోనైనా సరే. గుమ్మం బయట చెప్పులు కుప్పగా పడి ఉంటాయి. లోపల బెంచీల మీద జనం. ఒకాయన గోస్పాడు నుంచి వచ్చుంటాడు. ఒకామె శిరివెళ్ల నుంచి. ఒక కుటుంబం మొత్తం ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చుంటుంది. చీటీలు పట్టుకుని కాంపౌండరు ఒక్కొక్కరి పేరే పిలుస్తుంటాడు. ఎవరి ముఖంలోనూ నవ్వుండదు. నవ్వుకోవడానికి వచ్చిన చోటు కాదు కదా అది.

ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. లోపలి గదిలో కూర్చుని మనల్ని నాలుక చాపమనే ఆ డాక్టరు గారే, ఆదివారం సాయంత్రం ఒక వేదిక మీద మైకు పట్టుకుని నిలబడ్డారు. పక్కన వాద్యం లేదు. ఒంటి మీద వేషం లేదు. ఒక్కరే నిలబడి మాట్లాడుతున్నారు. ఎదురుగా కూర్చున్న జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. దీన్నే మన పిల్లలు స్టాండప్ కామెడీ అంటున్నారు.

డాక్టరుకు ఇది తగిన పనేనా అని మనలో కొందరికి అనిపిస్తుంది. "అట్లా నవ్వించే మనిషి దగ్గర గుండె నొప్పి చూపించుకునేదెట్లప్పా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. న్యాయమైన అనుమానమే. ఆ అనుమానం గురించే ఈ పూట మాట్లాడుకుందాం. డాక్టరు నవ్వించొచ్చా? నవ్విస్తే దేని గురించి నవ్వించాలి? దేని జోలికి పోకూడదు? అందులోనూ మన నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలో, అందరికీ అందరూ తెలిసిన చోట, ఆ నవ్వు ఎట్లా ఉండాలి?

ముందు ఒక పాత సంగతి చెబుతాను. 1953లో ‘పుట్టిల్లు’ అనే సినిమా వచ్చింది. దాన్ని తీసినవారు గరికపాటి రాజారావు గారు. ప్రజానాట్యమండలిని ముందుండి నడిపిన మనిషి. నాటకమంటే ప్రాణం. కానీ వృత్తి వైద్యం. అందుకే జనం ఆయన్ని డాక్టర్ రాజారావు అనే పిలిచేవారు. ఆ సినిమాతోనే జమున గారు తెరకు పరిచయమయ్యారు. ఆ సినిమాతోనే పాలకొల్లు నుంచి వచ్చిన ఇంకొక నటుడూ పరిచయమయ్యారు. ఆయన పేరు అల్లు రామలింగయ్య.

అల్లు గారి గురించి మీకు నేను చెప్పాలా? ‘మాయాబజార్’లో శర్మ, శాస్త్రుల జంటలో ఒకరిగా వంగర గారితో కలిసి ఆయన చేసిన సందడి ఇప్పటికీ టీవీలో వస్తే మనం కూర్చున్న చోటు నుంచి లేవం. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆయన హోమియో వైద్యుడు. పేరుకు కాదు, నిజంగానే మందులిచ్చేవారు. తెర మీద ఎంత పేరొచ్చినా ఆ తెల్ల గుళికలను వదల్లేదు. ఇవాళ రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది. దానికి పెట్టిన పేరు ఎవరిదో తెలుసా? అల్లు రామలింగయ్య గారిదే. ఒక హాస్యనటుడి పేరు ఒక వైద్య కళాశాల గుమ్మం మీద ఉందన్నమాట.

చూశారా ఆ కలయిక? ఒక డాక్టరు సినిమా తీశారు. ఆ సినిమాలో మందులిచ్చే ఇంకొకాయన మనల్ని నవ్వించడం మొదలుపెట్టారు. ఇది స్టాండప్ అనే మాట మన చెవిన పడటానికి ఎన్నో ఏళ్ల ముందు సంగతి. అంటే, వైద్యం చేసే చేయి నవ్వించడం మనకు కొత్తేమీ కాదు. మళ్లీ చెబుతున్నాను, కొత్తేమీ కాదు.

మన కాలానికి వద్దాం. హైదరాబాద్‌లో మోకాళ్ల మార్పిడి ఆపరేషన్లు చేసే డాక్టర్ గురవారెడ్డి గారి పేరు వినే ఉంటారు. ఆయన రాసిన ‘గురవాయణం’ చాలామంది చదివారు. సభలో మాట్లాడితే నవ్వుల జల్లే. బెంగళూరులో జగదీశ్ చతుర్వేది గారున్నారు. ఆయన చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఆపరేషన్లూ చేస్తారు, స్టాండప్ వేదికా ఎక్కుతారు. అమెరికాలో కెన్ జియాంగ్ అనే డాక్టరు, ఆసుపత్రిలో పనిచేస్తూనే రాత్రిపూట కామెడీ క్లబ్బుల్లో నవ్వించి, చివరికి సినిమాల్లోకి వెళ్లిపోయారు. ఇంగ్లండులో హ్యారీ హిల్ అనే ఆయన డాక్టరు చదువు చదివి, స్టెతస్కోపు పక్కన పెట్టి పూర్తిగా నవ్వించే పనిలోనే ఉండిపోయారు.

ఎందుకిలా? ఇంతమంది డాక్టర్లకు ఈ నవ్వుల పిచ్చి ఎక్కడిది?

నాకు తోచిన కారణం చెబుతాను. డాక్టరు రోజంతా చేసే పని వినడం. మందు రాసేది ఆ తర్వాత. ముందు వినాలి. వినడంలోనూ ఒక ఓపిక కావాలి. ఎట్లాంటి ఓపికో చెబుతాను. నేను చెప్పబోయేది ఏ ఒక్కరి కథా కాదు. మన పల్లెల వైపు ఏ డాక్టరును అడిగినా ఇలాంటిదే చెబుతారు.

ఒక పెద్దాయన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నారు డాక్టరు గారు.

"ఏం ల్యా సార్. మొన్న మా చిన్నోడు శనగలు అమ్మనీకి పొయినాడు. రేటు ల్యాదన్నారంట. మళ్లా మూటలన్నీ ఇంటికి ఏసుకొచ్చినాడు. మా ఆడమనిషి వాని మీద అరిసె. వాడు నా మీద అరిసె. ఆ రేత్రి నేను సంగటి తినలా..."

డాక్టరు గారు ఆపలేదు. శనగల రేటు విన్నారు. కోడలి పుట్టింటి సంగతి విన్నారు. పక్క చేనువాడితో గెట్టు తగాదా విన్నారు. గ్యాసుకు మాత్రలు రాశారు. పెద్దాయన చీటీ తీసుకుని లేచాడు. తలుపు దాకా పోయాడు. కర్టెన్ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఇంకో మాట సార్. మిద్దె మెట్లెక్కితే రొమ్ములో పట్టేసినట్టుంటాది. ఎడమ చెయ్యి లాగుతాంది. అది మామూలేనా?"

"నువ్వు ముందు కూర్చో పెద్దాయనా" అన్నారు డాక్టరు గారు. ఈసీజీ తీయించారు.

అర్థమైందా శ్రోతలారా? అసలు జబ్బు ఆ చివరి మాటలో ఉంది. అంతసేపూ చెప్పిందంతా దాని చుట్టూ తిరిగిన కథ. మంచి డాక్టరు ఆ చివరి మాట కోసం కాచుకుని ఉంటాడు. నవ్వించే మనిషి పనీ ఇదే. ఊరంతా తిప్పి, శనగలూ మూటలూ కోడలూ అన్నీ చెప్పి, చివర్లో ఒక్క మాటతో నవ్వు తెప్పిస్తాడు. ఆ మాట ముందే చెప్తే నవ్వు రాదు. ఆలస్యమైనా రాదు. డాక్టరు చెవికి ఈ లెక్క రోజూ అలవాటే. పైగా ఎన్ని యాసలు విని ఉంటాడు! కోవెలకుంట్ల మాట వేరు, ఆత్మకూరు మాట వేరు, బనగానపల్లె మాట వేరు. మనిషి నోరు తెరవగానే ఏ వైపువాడో పట్టేస్తాడు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. నవ్వించడానికి డాక్టరు దగ్గర కావలసినంత సరుకుంది. కానీ ఆ సరుకు అతనిది కాదు.

ఈ మాట కొంచెం నిదానంగా చెప్పుకుందాం. రోగి ఆ గదిలో చెప్పిన మాట రోగిది. దాన్ని బయటికి తెచ్చే హక్కు డాక్టరుకు లేదు. పూర్వకాలం గ్రీకు వైద్యుల ప్రమాణంలో ఈ సంగతి ఉంది. మన చరక సంహితలోనూ, వైద్యం నేర్చుకునే శిష్యుడికి గురువు చెప్పే నియమాల్లో ఇదొకటి. రోగి ఇంట్లోకి వెళ్లినప్పుడు అక్కడ కన్నదీ విన్నదీ బయట పెట్టకూడదు. 2002లో మన దేశంలో డాక్టర్లకు పెట్టిన వృత్తి నియమావళిలోనూ అదే మాట. కాలం మారింది, దేశం మారింది, మాట మాత్రం మారలేదు. రోగి మాట గది దాటకూడదు.

"పేరు చెప్పకుండా చెప్తే సరిపోతుంది కదా?" అంటారేమో. బెంగళూరులోనైతే సరిపోతుందేమో. మన దగ్గర సరిపోదు. నంద్యాలలో ఒక వేదిక మీద నిలబడి, "నూనెపల్లెలో ఒకాయన ఉన్నాడు, ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, ఇద్దరు కూతుళ్లు..." అని మొదలుపెట్టండి. మూడో మాటకే హాల్లో సగం మందికి ఆయనెవరో తెలిసిపోతుంది. నాలుగో మాటకు ఆయన బామ్మర్ది లేచి నిలబడతాడు. చిన్న ఊళ్లో పేరు దాచినంత మాత్రాన మనిషి దాగడు.

ఇంకో సంగతి. మన వైపు రాజకీయం ఎట్లాంటిదో నేను చెప్పనక్కర్లేదు. ఈ నంద్యాల నుంచే 1977లో నీలం సంజీవరెడ్డి గారు లోక్‌సభకు గెలిచి, ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావు గారు ఇక్కడే ఉప ఎన్నికలో గెలిచారు. ఇక్కడ టీ అంగడి దగ్గర కూడా రాజకీయం లేకుండా చక్కెర కరగదు. కానీ డాక్టరు క్లినిక్కులో ఆ పార్టీవాళ్లూ, ఈ పార్టీవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. బయట ఎదురైతే ముఖం తిప్పుకునేవాళ్లు, లోపల ఒకరికొకరు జరిగి చోటిస్తారు. ఆ బెంచీని కాపాడుకోవాలంటే డాక్టరు వేదికెక్కి ఒక వర్గాన్ని ఎగతాళి చేయలేడు. రేపు పొద్దున వాళ్లే వచ్చి చేయి చాపుతారు, నాడి చూడమని.

ఇదిగో, ఈ రెండు హద్దులూ గుర్తుపెట్టుకోండి. రోగి మాట గది దాటకూడదు. బెంచీ మీద కూర్చునే ఎవరికీ చోటు పోకూడదు. డాక్టరు హాస్యం శుభ్రంగా ఉండటానికి అసలు కారణం ఇదే. ఆయన పెద్దమనిషనో, బూతు చేతకాకనో కాదు. ఆయన మీద జనం పెట్టుకున్న నమ్మకం ఆయనకు ఆ గీత గీసింది.

రోగుల గురించి చెప్పకూడదు. రాజకీయం చెప్పకూడదు. కులం, మతం, ఒంటి రంగు, లావు, సన్నం, నత్తి, కుంటి, ఇవేవీ తాకకూడదు. ఎందుకంటే అవన్నీ ఎవరో ఒకరు ఆయన ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న సంగతులే. మరి మిగిలిందేమిటి?

రెండు మిగిలాయి. ఒకటి, తాను. రెండు, తాను పెరిగిన కాలం.

అందుకే డాక్టర్ల హాస్యం ఎక్కువగా చిన్నతనంలోకి పోతుంది. మన వైపు డాక్టరు ఒకరు వేదికెక్కితే ఏం చెబుతారో నేను ఊహించి చెబుతాను, వినండి.

పాత ఆసుపత్రితో మొదలుపెడతారు. ఒక స్టీలు డబ్బా. అందులో గాజు సిరంజీ, సూదులు. కింద స్పిరిటు స్టవ్వు నీలం మంటతో మండుతుంటుంది. నీళ్లు కుతకుతమంటుంటే సిరంజీ డబ్బాకు తగిలి గలగలమంటుంది. సూది ఇంకా ఒంట్లో దిగలేదు. ఆ చప్పుడుకే సగం జ్వరం దిగిపోయేది. "ఆ చప్పుడు విని బెంచీ కిందికి దూరిన పిల్లోణ్ని నేనే" అంటారు డాక్టరు గారు. "పట్టుకొచ్చి కూర్చోబెట్టడానికి మా నాయన, కాంపౌండరు, ఇంకో ఇద్దరు రోగులు కావాల్సొచ్చింది. ఇప్పుడు నన్ను చూసి పిల్లలు బెంచీ కిందికి దూరుతుంటే, మా నాయన ఫోటో నన్ను చూసి నవ్వుతుంటాది."

తర్వాత మందు సీసా. మీలో యాభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆసుపత్రికి పోతే ఇంటి నుంచే సీసా కడిగి తీసుకుపోవాలి. కాంపౌండరు అందులో ఎర్రటి మందునీళ్లు పోసేవాడు. సీసాకు ఒక కాగితం ముక్క అంటించేవాడు. ఆ కాగితానికి అంచున మెట్లు మెట్లుగా కత్తిరింపులు. ఒక పూటకు ఒక మెట్టు. సాయంత్రానికి మెట్టు దిగిందా లేదా అని అమ్మ వెలుతురుకు పెట్టి చూసేది. ఘాటుకు తాగలేక పిల్లలు ఏం చేసేవాళ్లు? కిటికీలోంచి ఒక మెట్టు పారబోసేవాళ్లు. "మా జ్వరం తగ్గిందో లేదో గానీ, ఆ కిటికీ కింద ఉన్న వేపచెట్టుకు ఆ ఏడాదంతా జలుబే చేయలా" అంటారు డాక్టరు గారు.

ఆ తర్వాత మట్టి మిద్దె. ఇది మన రాయలసీమ పిల్లలకే తెలిసిన సుఖం. ఎండాకాలం రాత్రి అందరం మిద్దె మీదే పడక. అర్ధరాత్రి నాలుగు చినుకులు పడితే చాలు, చాపలూ దుప్పట్లూ చుట్టుకుని దిగడం. కిందికి దిగితే గవాక్షిలోంచి లోపల కూడా అదే వాన. పొద్దున్నే నాయన చౌడు మన్ను తట్టకెత్తుకుని మిద్దెక్కి, కారే చోట పోసి తొక్కేవాడు. "కారే చోటొకటి, నాయన చౌడు పోసేది ఇంకోచోట. ఇప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లూ అంతే. నొప్పి నడుములో ఉంటాది, మందు మోకాలికి రాసుకుని వస్తారు."

ఇందులో ఎవరి మీదా దెబ్బ లేదు. చూశారా? ఆ చివరి మాటలో కూడా ఏ ఒక్క రోగీ లేడు. మనమందరం ఉన్నాం.

ఇంకోటి చెప్పి ముందుకు పోదాం. ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం. కనుమ రోజున అక్కడ పారువేట మొదలవుతుంది. చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. స్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ కదా, ఆ చనువది. ఆ తర్వాత నరసింహస్వామి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. నలభై రోజులకు పైగా తిరుగుతాడు. ఎందుకు? తన కల్యాణానికి జనాన్ని పిలవడానికి. ఉగ్రనరసింహుడంతటివాడు, గడప గడపకూ వచ్చి పెళ్లికి రమ్మని పిలిచే ఊళ్లు మనవి. మరి మనం? "మా తమ్ముడు పెళ్లికార్డు వాట్సాప్‌లో పెట్టినాడు. దాని కింద ఒక బొటనవేలు బొమ్మ పెట్టినాను. పెళ్లికి పోయినట్టే అయిపోయింది" అంటారు డాక్టరు గారు. హాలంతా నవ్వుతుంది. నవ్విన తర్వాత, ఇంటికి పోయి ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తారు. హాస్యం ఆ మేరకు పనిచేస్తే చాలు.

ఈ పాత సంగతులకు అంతమంది నవ్వుతారెందుకు? రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో ఒక మానసిక శాస్త్రవేత్త ఉండేవారు. బజార్లలో, కాలేజీల్లో జనం ఎప్పుడెప్పుడు నవ్వుతున్నారో దగ్గరుండి గమనించారు. ఆయన తేల్చిందేమిటంటే, మన నవ్వుల్లో చాలావరకు జోకులకు వచ్చేవి కావు. మామూలు మాటల దగ్గర వచ్చేవే. ఇంకా, ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడట. మందు సీసా మెట్ల గురించి విన్నప్పుడు ఒకాయన పక్కనున్న భార్య వైపు చూస్తాడు. "మా ఇంట్లో కూడా!" అంటాడు. ఆ చూపులోనే నవ్వు పుడుతుంది.

2011లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో పని చేసింది. కొందరికి హాస్యం వీడియోలు చూపించి కడుపారా నవ్వించారు. ఆ తర్వాత వాళ్లు నొప్పిని ఎంత ఓర్చుకుంటారో చూశారు. అందుకు వాడిన వాటిలో మన బీపీ చూసే పట్టీ కూడా ఒకటి. చేతికి కట్టి బిగిస్తూ పోయారు. బాగా నవ్వినవాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు. అలాగని నవ్వు మందు కాదు సుమండీ. నవ్వొచ్చింది కదా అని షుగరు మాత్ర మానేస్తే, మర్నాడు ఆ డాక్టరు గారే నవ్వకుండా తిడతారు. నవ్వు నొప్పిని కాసేపు మరిపిస్తుంది. జబ్బును మందే తగ్గించాలి.

ఇప్పుడొక అపోహ గురించి చెప్పాలి. "మా కాలంలో హాస్యం ఎంత శుభ్రంగా ఉండేది! ఇప్పుడే చెడిపోయింది" అంటుంటాం. అది పూర్తిగా నిజం కాదు. మన సీమలో తోలుబొమ్మలాట చూసినవాళ్లను అడగండి. రామాయణం నడుస్తుంటుంది. మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే నవ్వించే బొమ్మలు దూకుతాయి. అర్ధరాత్రి దాటిందా, పిల్లలు నిద్రపోయారా, ఇంక వాళ్ల నోటికి హద్దు ఉండేది కాదు. పెద్దవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు భక్తిగా బొమ్మలకు దండం పెట్టుకునేవాళ్లు. కాబట్టి పాతదంతా శుభ్రమూ కాదు, కొత్తదంతా బూతూ కాదు. శుభ్రమైన హాస్యం కాలం వల్ల రాలేదు. ఎప్పుడైనా ఎవరో ఒకరు కావాలని ఎంచుకుంటేనే వచ్చింది. డాక్టరుకు ఆ ఎంపిక వృత్తి నేర్పుతుంది. అంతే తేడా.

అట్లాగే, పాత కాలమంతా బంగారమనీ డాక్టరు అనలేడు. అనకూడదు కూడా. మందు సీసా కథ చెప్పి నవ్వించిన మనిషికే, ఆ కాలంలో వాంతులూ విరేచనాలతో చేతుల్లోనే పోయిన పిల్లల సంగతీ తెలుసు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో. అంతకుముందు పుట్టినవాళ్ల ముఖాల మీద ఆ మచ్చలు కనిపించని వీధి ఉండేది కాదు. పోలియోతో కాలు ఈడ్చుకుంటూ బడికొచ్చిన స్నేహితుడు ప్రతి తరగతిలోనూ ఉండేవాడు. మన దేశాన్ని పోలియో లేని దేశమని ప్రకటించింది 2014లో. ఇదంతా తెలిసిన డాక్టరు పాత రోజుల గురించి మాట్లాడితే అందులో ముద్దూ ఉంటుంది, లెక్కా ఉంటుంది. "ఆ సిరంజీ చప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఆ సిరంజీ మళ్లీ రావాలని మాత్రం కోరుకోను" అంటాడు. మంచి జ్ఞాపకం అంటే ఇదీ.

మన ప్రాంతానికి ఈ హాస్యం అవసరం ఇంకోటుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన తర్వాత ఆ బాటలో ఫ్యాక్షన్ సినిమాలు వరస కట్టాయి. తెల్ల చొక్కాలు, టాటా సుమోలు, ఎగిరిపడే బాంబులు. సీమ అంటే ఇదే అని నాలుగు దిక్కులా నమ్మేశారు. మన పిల్లలు చదువుకోవడానికి కోస్తాకో, హైదరాబాద్‌కో పోయి "మాది ఆళ్లగడ్డ" అంటే ఎదుటివాళ్లు ఒకడుగు వెనక్కి వేసేవాళ్లు. మన డాక్టరు గారు వేదిక మీద దీన్ని ఇలా చెబుతారు: "హాస్టల్లో నా బకెట్టు ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. నేను గట్టిగా తుమ్మితే సీనియర్లు ర్యాగింగ్ ఆపేసేవాళ్లు. నేనేమో రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే రకం. ఆ సంగతి బయటపడకుండా ఐదేళ్లు ఎంబీబీఎస్ చదవడమే నేను చేసిన ఏకైక సాహసం."

ఆ ఫ్యాక్షన్ గొడవల్లో నిజంగానే మనుషులు పోయారు. ఇళ్లు ఆరిపోయాయి. దాన్ని నవ్వులపాలు చేయకూడదు. ఆ గాయాలకు కుట్లు వేసిన డాక్టర్లకు అది ఇంకా బాగా తెలుసు. కానీ ఆ కత్తుల కథే మా ఊరి మొత్తం కథ అంటే ఎట్లా? మా దగ్గర మహానంది కోనేరులో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కనిపించేంత తేట నీళ్లున్నాయి. ఆళ్లగడ్డలో రాతిని దేవుణ్ని చేసే శిల్పులున్నారు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ దగ్గర ఊరంతటినీ నవ్వించే ముసలాళ్లున్నారు. ఈ ఊరి మనిషి తన ఊరి గురించి నవ్వుతూ చెబితే, బయటివాడు భయం వదిలి దగ్గరికొస్తాడు. సినిమా చేసిన పనిని వంద ఉపన్యాసాలు సరిచేయలేవు. ఒక మంచి నవ్వు కొంతైనా సరిచేస్తుంది.

ఇంతసేపూ చెప్పుకున్నది మళ్లీ ఒక్కసారి గుర్తు చేసుకుందాం. డాక్టరు నవ్వించొచ్చు. మనకు ఆ సంప్రదాయం ఉంది. అయితే రోగి మాట గది దాటకూడదు. బెంచీ మీద ఎవరి చోటూ పోకూడదు. ఈ రెండూ పాటించిన డాక్టరు తన గురించీ, తన ఊరి గురించీ, తన చిన్నతనం గురించీ చెబుతాడు. ఆ హాస్యాన్ని తాత, మనవరాలు పక్కపక్కన కూర్చుని వినొచ్చు. ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

చివరిగా ఒక మనవి. జూలై 1 డాక్టర్ల దినోత్సవం. పేరున్న వైద్యుడు బిధాన్ చంద్ర రాయ్ గారు పుట్టిన రోజూ, పోయిన రోజూ అదే. ఆ రోజు మన ఊళ్లలో ఏం చేస్తాం? డాక్టరు గారిని పిలిచి శాలువా కప్పుతాం. పూలదండ వేస్తాం. ఒక మెమెంటో చేతిలో పెడతాం. ఆయన ఇంటి బీరువాలో ఇప్పటికే చోటు లేదు. ఈసారి నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డలో గానీ ఏ సంఘమైనా కొంచెం కొత్తగా ఆలోచించండి. శాలువా బదులు మైకు ఇవ్వండి. మీ చిన్నప్పటి నంద్యాల గురించి, మీ చిన్నప్పటి ఆళ్లగడ్డ గురించి ఒక పది నిమిషాలు నవ్విస్తూ చెప్పండి డాక్టరు గారూ అని అడగండి. ఏడాదంతా మన కథలు విన్న మనిషి ఆ పది నిమిషాలు తన కథ చెప్పుకుంటాడు.

మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు ఆయన తడబడొచ్చు. జోకు పేలకపోవచ్చు. అయినా సరే, మీరు గట్టిగా చప్పట్లు కొట్టండి. రేపు సూది వేసేది ఆయనే కదా.